చీకట్లో ముఖం: ఫ్లాష్ మీద ఒక సంవాదం

రాత్రిపూట మనిషి ముఖాన్ని ఫొటో తీయడానికి ఫ్లాష్ కావాలా, అక్కర్లేదా అన్న తగువు ఫొటోలు తీసేవాళ్లు ఇద్దరు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఫ్లాష్ అనగానే ఒక పక్షానికి పెళ్లి ఆల్బమ్‌లో పాలిపోయిన ముఖాలు గుర్తొస్తాయి. ఆ పాపం ఫ్లాష్‌ది కాదు, దాన్ని కెమెరా నెత్తిన కూర్చోబెట్టిన అలవాటుది అంటుంది రెండో పక్షం. నేను రెండో పక్షంలో ఉన్నాను, ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. అయినా మొదటి పక్షం వాదన గట్టిది. దాన్ని పలచన చేసి గెలిస్తే అది గెలుపు కాదు. అందుకే ఆ వాదన మొత్తాన్నీ ఒక పెదనాన్న నోట, నా జవాబును ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి నోట పెట్టాను. ఇద్దరిదీ బెజవాడే.

పెదనాన్న: చూడమ్మాయ్, రాత్రికి ఒక అందం ఉంది. దుర్గా ఘాట్ మెట్ల మీద నిలబడితే ప్రకాశం బ్యారేజీ దీపాలు నీళ్లలో పొడుగ్గా సాగి కనిపిస్తాయి, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి వెలుగుతూ ఉంటుంది, ఫ్లైఓవర్ మీద బళ్ల దీపాలు కదిలిపోతుంటాయి. అక్కడ ఒక మనిషిని నిలబెట్టి ఫ్లాష్ కొట్టావనుకో, మిగిలేది తెల్లటి ముఖం, దాని వెనక నల్లటి గుడ్డ. నది పోయింది, గుడి పోయింది. ఆ మనిషిని కృష్ణ ఒడ్డున తీశావో, ఇంట్లో బీరువా ముందు తీశావో ఎవరికి తెలుస్తుంది? పైగా ఇవాళ్టి కెమెరాలు ఐఎస్ఓ 6400 దగ్గర కూడా పనికొచ్చే బొమ్మే ఇస్తున్నాయి. ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్సు కాస్త కూడబెట్టుకుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. వీధిలో వెలుగు ఉండగా ఇంకో వెలుగును భుజాన వేసుకుని తిరగడం దేనికి? ఉన్నదాన్ని ఉన్నట్టు తీయడంలోనే నిజాయితీ ఉంది.

అమ్మాయి: మీరు చెప్పే ఫొటో ప్రతి ఇంటి ఆల్బమ్‌లోనూ ఉంది పెదనాన్నా. అయితే అందులో రెండు వేరు వేరు తప్పులు కలిసిపోయాయి, వాటిని విడదీసి చూడాలి. మొదటిది ఫ్లాష్ ఉన్న చోటు. అది లెన్సు పైనే కూర్చుంటే వెలుగు వెళ్లే దారీ, కెమెరా చూసే దారీ ఒకటైపోతాయి. ముక్కు నీడ ముక్కు వెనకే, గడ్డం నీడ గడ్డం వెనకే దాక్కుంటుంది. నీడ కనపడకపోతే ముఖానికి ఎత్తుపల్లాలు ఉన్నట్టే తెలియదు. కంటిపాప ఎర్రగా రావడానికీ కారణం అదే: కంట్లోకి సూటిగా వెళ్లిన వెలుగు రెటీనాకు తగిలి, వచ్చిన దారినే లెన్సులోకి తిరిగొస్తుంది. ఫ్లాష్‌ను రెండు మూడు అడుగులు పక్కకు జరిపి కాస్త పైకెత్తితే ఆ ఎరుపు పోతుంది, ముఖానికి ఆకారం వస్తుంది. వెనకంతా నల్లబడటం మాత్రం ఫ్లాష్ తప్పు కాదు, షట్టర్ తప్పు. మన డెల్టా వాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. తూము ఎంతసేపు ఎత్తి ఉంచితే చేలోకి అంత నీరు పారుతుంది. బ్యారేజీ దీపాల వెలుగూ, ఆకాశపు వెలుగూ అలా పారే నీరు. ఫ్లాష్ మాత్రం ఒక్కసారిగా కుమ్మరించిన బిందె. తూము పది నిమిషాలు తెరిచినా గంట తెరిచినా ఆ బిందెడు నీళ్లు బిందెడే. షట్టర్ 1/200 దగ్గర ఉంటే వెనక దీపాలు నమోదయ్యేంత సమయం ఉండదు. దాన్ని 1/15కి దించండి, వెనక నుంచి వచ్చే వెలుగు దాదాపు 13 రెట్లు పెరుగుతుంది, ముఖం మీది ఫ్లాష్ వెలుగు రవ్వంత కూడా మారదు. అంటే రాత్రికి ఒక కొలత, ముఖానికి ఇంకో కొలత, రెండూ మన చేతిలోనే ఉంటాయి. ఉన్న వెలుగుతోనే తీసేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ముఖం కోసం ఎక్స్‌పోజర్ పెంచితే వెనక దీపాలు తెల్లటి మచ్చలవుతాయి, దీపాల కోసం తగ్గిస్తే ముఖం చీకట్లో కలిసిపోతుంది.

పెదనాన్న: ఆ లెక్క ఒప్పుకుంటాను. అయితే వీధి దీపాల కింద తీస్తే ఆ చిక్కే రాదుగా? బీసెంట్ రోడ్డులో షాపుల వెలుగు చాలదూ? చేతిలో ఉన్న ఫోన్‌లోనే నైట్ మోడ్ ఉంది, చీకటి సందులో కూడా ముఖం కనిపించేట్టు తీస్తోంది. నువ్వు చెప్పే కష్టమంతా వెలుగు తక్కువైన రోజులది.

అమ్మాయి: వెలుగు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఎటునుంచి వస్తోందన్నది మరో ప్రశ్న. ఫోన్ మొదటిదానికే జవాబు చెబుతుంది. నైట్ మోడ్ చేసేది వరసగా చాలా ఫ్రేములు తీసి కలపడం. దాంతో బొమ్మలో నాయిస్ గింజలు తగ్గుతాయి, ముఖం కనిపిస్తుంది, నిజమే. కానీ స్తంభం మీది దీపం నడినెత్తిన ఉంటే కనుబొమల నీడ కళ్లలో పడుతుంది, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. ఎన్ని ఫ్రేములు కలిపినా ఆ నీడ అక్కడే ఉంటుంది, ఇంకా స్పష్టంగా ఉంటుంది. బీసెంట్ రోడ్డు లాంటి చోట షాపు అద్దం నుంచి పక్కవాటు వెలుగు దొరుకుతుంది, అక్కడ మీరన్నట్టే తీయొచ్చు, ఫ్లాష్ అక్కర్లేదు. ఊళ్లో ప్రతి మలుపులోనూ అలాంటి అద్దం ఉండదు కదా. ఇక రంగు సంగతి చూడండి. పాత పసుపుపచ్చ సోడియం దీపం ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. దాని వెలుగులో అన్ని రంగులూ ఉండవు, పసుపు, నారింజ దగ్గరే ఎక్కువ భాగం పోగుపడి ఉంటుంది. పెడన కలంకారీ చీర కట్టుకున్న మనిషిని ఆ దీపం కింద నిలబెడితే నీలం నల్లబడుతుంది, ఎరుపు మట్టి రంగు అవుతుంది. ఆ వెలుగులోనే లేని రంగును తర్వాత కంప్యూటర్‌లో ఎలా తెస్తారు? వైట్ బ్యాలెన్స్ జరిపితే ఉన్న రంగులు కాస్త అటూ ఇటూ జరుగుతాయి గానీ, పోయిన నీలం తిరిగిరాదు. ఫ్లాష్ వెలుగు దాదాపు మధ్యాహ్నపు ఎండ లాంటిది, 5500 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది, అన్ని రంగులూ అందులో ఉంటాయి. చీర నేసినవాళ్లు, అద్దినవాళ్లు వేసిన రంగు బొమ్మలోకి రావాలంటే అలాంటి వెలుగు చీర మీద పడాలి.

పెదనాన్న: పెద్ద పెద్దవాళ్లు ఇవన్నీ లేకుండానే తీశారమ్మా. హైదరాబాద్ నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్ దయాళ్‌ను తీసుకో. 1905లో పోయాడు, ఆయన తీసిన ముఖాలు ఇవాళ్టికీ మాట్లాడతాయి. ఆయన స్టాండ్ల మీద ఫ్లాషులు పెట్టాడా? పారిస్ రాత్రులను తీసిన బ్రసాయ్ సంగతేమిటి? మంచులో, పొగలో, వీధి దీపాల వెలుగులోనే కదా 1930ల్లో ఆ నగరమంతా తీశాడు?

అమ్మాయి: ఇద్దరినీ మీరే తెచ్చారు, ఇద్దరూ నా వైపే సాక్ష్యం చెబుతారు. దీన్ దయాళ్ కాలపు స్టూడియోల్లో అద్దాల పైకప్పులు, వాటికి తెరలు ఉండేవి. ఏ తెర ఎంత లాగాలి, మనిషిని ఎంత దూరంలో కూర్చోబెట్టాలి అన్నదే అప్పటి విద్య. అది ఎండే, కానీ దాని దారి మార్చిన చెయ్యి మనిషిది. బ్రసాయ్ వీధులను వీధి దీపాలతో తీశాడు, నిజమే. కాఫీ హోటళ్లలో, గదుల్లో మనుషుల దగ్గరికి వచ్చేసరికి మెగ్నీషియం పొడి వెలిగించాడు. ఆ పొడి 1887లో జర్మనీలో పుట్టింది. మూడేళ్లు తిరక్కుండా న్యూయార్క్ పేదల చీకటి గదులను జేకబ్ రీస్ లోకానికి చూపించింది దానితోనే. అంతెందుకు, తెలుగువాళ్లకు వెన్నెల అంటే ముందు గుర్తొచ్చేది 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ పాట. ఆ వెన్నెల చంద్రుడిది కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దీపాలతో కల్పించింది. దాన్ని చూసి ఎవరూ రాత్రిని చెరిపేశారనలేదు. నీటి మీద, ముఖాల మీద వెలుగు ఎటునుంచి రావాలో తెలిసిన మనిషి పెట్టిన దీపం కనుక అరవై ఏళ్లు దాటినా అది మనకు వెన్నెలే. ఉన్నదాన్ని ఉన్నట్టు తీయడం నిజాయితీ అన్నారు. చీకట్లో మన కన్ను ఎదుటి మనిషి ముఖాన్నీ చూస్తుంది, వెనక నదినీ చూస్తుంది. కెమెరా రెండూ ఒకేసారి చూడలేదు. ఆ లోటు పూడ్చే దీపం మనం చూసినదానికి దగ్గరగానే తీసుకెళ్తుంది, దూరంగా కాదు.

(ఈ చోట నా మాట ఒకటి. ‘సహజమైన వెలుగు’ అన్న పేరే వాదనను సగం గెలిపించేస్తుంది. రాత్రి నగరంలో సహజమైన వెలుగు చంద్రుడిది, చుక్కలది మాత్రమే. మిగిలినదంతా మునిసిపాలిటీ, షాపువాళ్లు, ఆటోలవాళ్లు తమ తమ పనుల కోసం పెట్టుకున్న దీపాలే. వాటిలో ఏదీ ఎవరి ముఖం కోసమూ పెట్టింది కాదు.)

పెదనాన్న: సినిమావాళ్లకు లైట్‌మెన్ ఉంటారు, జనరేటర్ ఉంటుంది. భుజాన ఒక్క సంచి వేసుకుని వెళ్లే కుర్రాళ్లకు ఏది దారి? దీనికి అంతు లేదని కూడా విన్నాను. ఒక ఫ్లాష్ కొంటే రెండోది కొనాలనిపిస్తుంది, ఆ పైన సాఫ్ట్‌బాక్సులు, రంగు కాగితాలు. ఫొటో కంటే సామాను మీద ధ్యాస పెరుగుతుంది.

అమ్మాయి: ఆ భయం న్యాయమైనదే, అందుకే ఒక్క ఫ్లాష్‌తో మొదలుపెట్టి చాలాకాలం ఒక్కదానితోనే ఉండాలి. కావలసినవి నాలుగే: చేత్తో పవర్ మార్చుకునే మామూలు ఫ్లాష్, కెమెరా మీద పెట్టే రేడియో ట్రిగ్గర్, ఒక తేలికపాటి స్టాండు, వెలుగును తనలోంచి పోనిచ్చే తెల్ల గొడుగు. ఎఫ్ 1.4 లెన్సుకు పెట్టే డబ్బులో కొంత భాగానికే ఇవన్నీ వస్తాయి. సూర్యుడు దిగిపోయి ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉన్న ఆ అరగంటలో దుర్గా ఘాట్‌కు వెళ్లాలి. మనిషిని నేరుగా ఏ దీపమూ పడని చోట నిలబెట్టాలి, ఇది ముఖ్యం. ముందు ఫ్లాష్ ఆపేసి ఒక్క రాత్రినే తీసి చూసుకోవాలి: ఐఎస్ఓ 400, ఎఫ్ 2.8, షట్టర్ 1/15 దగ్గర మొదలుపెడితే బ్యారేజీ దీపాలు, నీళ్లలో వాటి జాడలు నిలుస్తాయి, మనిషి నల్లటి ఆకారంగా కనిపిస్తాడు. ఆ చీకటి ఆకారమే మనకు కావలసింది. ఇప్పుడు స్టాండును మనిషికి మీటరున్నర దూరంలో, కెమెరా గీతకు 45 డిగ్రీల పక్కన, కంటికన్నా మూరెడు ఎత్తున పెట్టి, గొడుగులోంచి 1/64 పవర్‌లో ఫ్లాష్ పేల్చాలి. ముఖం మరీ తెల్లబడితే 1/128కి దించాలి, చాలకపోతే 1/32కి పెంచాలి. షట్టర్ జోలికి పోకూడదు. ఆ కొద్ది పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో పదివేలో వంతు కాబట్టి షట్టర్ 1/15 అయినా ముఖం చెదరదు. అందుకే మనిషిని చీకట్లో నిలబెట్టమన్నది: పక్క దీపం ముఖం మీద పడితే, ఆ దీపం రాసిన ముఖం మసకగా, ఫ్లాష్ రాసిన ముఖం స్పష్టంగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. వెనక దీపాలు చెదరకుండా ఉండటానికి కెమెరాను ట్రైపాడ్ మీదో, ఘాట్ రెయిలింగ్ మీదో ఆనించాలి. ఏటి గాలికి గొడుగు క్షణంలో పడిపోతుంది. స్టాండు కాలికి ఇసుక సంచి కట్టాలి, లేదా పక్కన ఒక స్నేహితుణ్ని పట్టుకోమనాలి.

పెదనాన్న: అన్నీ చేత్తోనే మార్చుకోవాలా? ఫ్లాష్‌లే సొంతంగా లెక్క కట్టుకుంటున్న రోజులు కదా?

అమ్మాయి: టీటీఎల్ అనేది అలా లెక్క కడుతుంది, పెళ్లి ఊరేగింపులో మనుషులు కదులుతుంటే ఉపయోగమే. కానీ ఫ్రేములో ముప్పాతిక భాగం నల్లటి రాత్రి అయినప్పుడు దానికి చీకటే ఎక్కువగా కనిపించి, తరచూ వెలుగు ఎక్కువ పోస్తుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది: తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. చేత్తో చేస్తే మార్చింది ఒక్కటే, మారింది ఒక్కటే. స్టాండును మీటరు నుంచి రెండు మీటర్లకు జరపండి, ముఖం మీది వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఈ వర్గవిలోమ సూత్రం పిల్లలు చదువులో బట్టీ పట్టేదే. స్టాండు పట్టుకుని జరిపినప్పుడు అది కంటికి కనిపిస్తుంది. రాత్రిపూట హై స్పీడ్ సింక్ లాంటి వాటితో పనే ఉండదు, అది ఎండలో తీసేవాళ్ల అవసరం.

పెదనాన్న: ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను విను. మన ఊరు ఉక్కపోత ఊరు. రాత్రి పదింటికి కూడా ముఖం మీద చెమట ఆరదు. ఫ్లాష్ పడగానే నుదురు, ముక్కు, బుగ్గలు జిడ్డుగా మెరుస్తాయి. చామనఛాయ మనిషి అయితే మరీ అన్యాయం, ఆ మెరుపు మచ్చలు తప్ప ముఖం కనపడదు. దాన్ని సర్దడానికి స్టూడియోలో మొత్తం ముఖాన్ని తెల్లగా చేసేస్తారు. మా కాలంలో చేత్తో దిద్దేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్‌లో దిద్దుతున్నారు. ఆ అమ్మాయి ముఖం ఆ అమ్మాయికే కొత్తగా ఉంటుంది. అందుకే నాకు ఫ్లాష్ అంటే పడదు.

అమ్మాయి: ఈ వాదంలో ఇదే అన్నిటికంటే బరువైన మాట పెదనాన్నా. మెరుపు మచ్చ చెమట వల్లే రాదు, దీపం చిన్నది కావడం వల్ల వస్తుంది. తడి చర్మం అద్దంలా పనిచేస్తుంది, ఎదురుగా ఉన్న దీపం ప్రతిబింబమే మనకు కనిపించే మచ్చ. ఫ్లాష్ ముందు అద్దం మూడంగుళాలు కూడా ఉండదు, కాబట్టి దాని ప్రతిబింబం కళ్లు చెదిరే చిన్న చుక్క. అదే వెలుగు మూడడుగుల గొడుగంతా పరుచుకుని వస్తే ప్రతిబింబం కూడా పరుచుకుంటుంది. చుక్క పోయి, నుదుటి నుంచి దవడ దాకా సాగే మెత్తని నిగారింపు వస్తుంది. నల్లని చర్మానికి ఇది మరీ అవసరం. తెల్లని చర్మం తన మీద పడ్డ వెలుగును అన్ని వైపులకూ చిమ్మి, నీడల తేడాతో ఆకారం చూపిస్తుంది. ముదురు చర్మం ఆకారాన్ని ఎక్కువగా ఈ నిగారింపుతోనే చూపిస్తుంది. అందుకని చామనఛాయ ముఖానికి చేయాల్సింది పవర్ పెంచి తెల్లబరచడం కాదు. గొడుగును దగ్గరికి తెచ్చి, ఇంకాస్త పక్కకు జరిపి, చెంప మీద ఆ వెలుగు గీత ఎక్కడ పడుతోందో చూసుకోవాలి. అలా తీసిన ముఖాన్ని దిద్దే పనే ఉండదు. రంగు మార్చాల్సిన అవసరాన్ని సృష్టించింది కెమెరా నెత్తి మీది ఫ్లాష్. దానికి మందు ఫ్లాష్ మానేయడం కాదు, కిందికి దించడం. వీధి దీపం కింద తీసినా ఆ నుదుటి మచ్చ వస్తుంది, ఎందుకంటే అంత దూరం నుంచి అదీ చిన్న దీపమే.

పెదనాన్న: సరే, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ అన్ని చోట్లా పేలుస్తానంటే ఒప్పుకోను. కార్తీక మాసంలో తెల్లవారుజామున ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటారు. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్న మనిషి ముఖం మీద ఫ్లాష్ కొట్టడం అమర్యాద. కూచిపూడి ఆడుతున్న పిల్ల కళ్లలో కొడితే అడుగు తప్పుతుంది.

అమ్మాయి: అక్కడ పూర్తిగా మీ మాటే నా మాట. వేదిక మీది నాట్యం, పూజ, దసరా తెప్పోత్సవంలో జనం, వార్త కోసం తీసే సంఘటన, బండి నడుపుతున్న మనిషి, వీటి మీద ఫ్లాష్ వేయకూడదు. అక్కడ మీ ఎఫ్ 1.8 లెన్సే సరైనది. నేను చెప్పేది ఇష్టపడి మన ముందు నిలబడిన మనిషి సంగతి. దీపం వదలడం అయ్యాక ఒకావిడ సరేనని మళ్లీ దొప్ప చేత పట్టుకుని నిలబడిందనుకోండి. ఆ ఒత్తి వెలుగు 2000 కెల్విన్ దగ్గర ఉంటుంది, బాగా ఎర్రన. తెల్లటి ఫ్లాష్ వేస్తే దీపం వెలవెలబోతుంది. ఫ్లాష్ ముందు నారింజ రంగు సీటీవో కాగితం అంటించి, పవర్‌ను ఆఖరి మెట్టుకు దించి, దీపం ఉన్న వైపు నుంచే, ఆవిడ చేతుల ఎత్తు నుంచే వేయాలి. షట్టర్ కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఒత్తి మంట నిజంగానే బొమ్మలోకి వస్తుంది, ముఖం మీది వెలుగు ఆ మంటదే అన్నంత సహజంగా కలిసిపోతుంది. బార్ట్‌లే వెన్నెలకు చేసింది ఇదే పని.

ఇక్కడితో ఇద్దరి మాటా ఆపి నా తీర్పు చెబుతాను. అనుమతి లేని చోట, అవతలి మనిషి ధ్యానం చెడే చోట పెదనాన్నదే ధర్మం. మనిషి మన కోసం నిలబడిన రాత్రి మాత్రం, కెమెరా నుంచి దించి పక్కన పెట్టిన ఒక్క ఫ్లాష్ ఆ మనిషికీ, వెనక ఉన్న ఊరికీ న్యాయం చేస్తుంది, ఆ న్యాయం ఐఎస్ఓ ఎంత పెంచినా దొరకదు. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలవారికి ఒక విన్నపం. మన ముహూర్తాలు చాలావరకు రాత్రివే. వీడియో లైటు పట్టుకునే కుర్రాడు మండపంలో ఎలాగూ ఉంటాడు. తలంబ్రాల వేళ అలాంటి ఒక కుర్రాడి చేతికి గొడుగూ ఫ్లాషూ ఇచ్చి పక్కన నిలబెట్టండి. పెళ్లికూతురు చామనఛాయ అయితే ఆల్బమ్‌లోనూ చామనఛాయగానే ఉండనివ్వండి.